మూడున్నర చుట్లు

మేస్త్రి నన్ను పైకి రమ్మన్నప్పుడు ఉదయం పది దాటింది. ఆయన ఎప్పుడూ అలా పిలిచేవాడు కాదు. చెప్పాల్సింది ఏమున్నా మోకాళ్ళు నొప్పి పెడుతున్నా తనే దిగి వచ్చి చెప్పేవాడు. ఆ శనివారం మాత్రం మూడో అంతస్తు ఎత్తులో, పరంజా పైపుల మధ్య నుంచి తల బయటికి పెట్టి, చేత్తో సైగ చేశాడు. గొంతు పెద్దది ఆయనది. రోడ్డు అవతలి బస్టాపు దాకా వినపడేది. అలాంటి మనిషి అరవకుండా సైగ చేయడం చూసి నాకు భయం వేసింది.

ఇది మూడేళ్ళ కిందటి మాట. అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక పాత నాలుగంతస్తుల భవనానికి ముందువైపు మరమ్మతు చేస్తున్నాం. పై అంచున ఉన్న సున్నపు పని పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద పడుతోందని యజమానులు ఆ పని మా కాంట్రాక్టరుకు ఇచ్చారు. నేను అక్కడ సైట్ సూపర్‌వైజర్‌ని. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఎనిమిదేళ్ళు కొత్త అపార్ట్‌మెంట్ల దగ్గర పనిచేశాక, నా చేతికే వదిలేసిన మొదటి సైటు అది. మేస్త్రి పాలమూరు వైపు మనిషి. అరవై దాటి ఉంటాయి. పరంజా కట్టడం తప్ప వేరే పని చేయలేదని ఆయనే చెప్పేవాడు.

పరంజా తనంతట తాను నిలబడేది కాదు. ఫుట్‌పాత్ మీద నుంచి లేచిన ఆ పైపుల చట్రాన్ని గోడకు పట్టి ఉంచేవి మాకు పద్నాలుగు ఇనుప రాడ్లు. గోడలో రంధ్రం చేసి రింగు ఉన్న బోల్టు దించుతాం. పైపుకు క్లాంపుతో రాడ్డు బిగిస్తాం. ఆ రింగునూ ఈ రాడ్డునూ కలిపే ముక్కే టర్న్‌బకిల్. జానెడు పొడవుంటుంది. దాని రెండు చివర్లలో మరలు ఎదురెదురు దిక్కుల్లో కోసి ఉంటాయి. కాబట్టి మధ్య ముక్కను తిప్పితే రెండు వైపులవీ ఒకేసారి లోపలికి వస్తాయి. పాత గోడ ఒకచోట ఉబ్బి, ఒకచోట లోపలికి పోయి ఉంటుంది. ఎక్కడ ఎంత దూరం కావాలో అంతకు తిప్పుకోవచ్చు. గోడవైపు చివరన పంగలాంటి నోరు కంపెనీలోనే అమర్చి వస్తుంది. రెండో చివరలోకి మన రాడ్డు ఎక్కించుకోవాలి.

రాడ్లు మేస్త్రివి. ఏళ్ళ తరబడి వాడుతున్న సరుకు. టర్న్‌బకిల్స్ మాత్రం నేను కొత్తవి తెప్పించాను. ఎంచింది కూడా నేనే, ఫోన్‌లో బొమ్మలు చూసి. మూడు రకాలు కనిపించాయి. కొక్కెం ఉన్నవి, మధ్య భాగం తెరిచి ఉన్నవి, గొట్టంలా మూసి ఉన్నవి. మూసి ఉన్నవి నున్నగా, మెరుస్తూ, బలంగా కనిపించాయి. లోపలికి సిమెంటు దుమ్ము పోదు కదా అనుకున్నాను. అవే పంపమన్నాను. సంచి విప్పిన రోజున మేస్త్రి ఒకటి చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, ఒక కంటితో లోపలికి చూడబోయి, ఏమీ కనపడక పక్కన పెట్టాడు. లోపల ఏమున్నదో కనపడకపోతే తనకు మనసొప్పదని మాత్రం అన్నాడు. నాకది పాతకాలపు మనిషి గొణుగుడులా అనిపించింది.

నిజానికి దుకాణానికి వెళ్ళి అడగడం నాకు ఇష్టం ఉండేది కాదు. నాంపల్లి హార్డ్‌వేర్ షాపుల్లో నేను నిలబడితే నా తల మీదుగా వెనకున్న మగవాళ్ళను ఏం కావాలని అడిగేవాళ్ళు. నేను అడిగినదానికి ఎదురు ప్రశ్న వేస్తే, జవాబు తెలియకపోతే, వెనక ఎవరో ఒకరు నవ్వేవారు. ఫోనయితే ప్రశ్నలు అడగదు.

గురువారం సాయంత్రం పద్నాలుగింటినీ పట్టుకుని లాగి చూశాను. ఒక్కటీ కదల్లేదు. పరంజా మీదికి మనుషులు ఎక్కవచ్చని రాసి ఉన్న పసుపు కార్డు మీద సంతకం పెట్టి, మొదటి నిచ్చెన దగ్గర కట్టాను.

ఇప్పుడు మేస్త్రి నన్ను కుడివైపు మూలకు తీసుకువెళ్ళాడు. అక్కడి టర్న్‌బకిల్ చూపించి, "మేడం, జర చేత్తోని తిప్పున్రి" అన్నాడు.

తిప్పాను. పానా అక్కర్లేకుండా తిరిగింది. కాసేపు తిరిగి, గట్టిగా ఆగింది. ఆయన తల అడ్డంగా ఊపి, రెండో దిక్కుకు తిప్పమన్నాడు. తిప్పుతూ నోట్లోనే లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, ఇంకో సగం. రాడ్డు ఊడి నా చేతిలోకి వచ్చింది.

ఊడినప్పుడు చప్పుడేమీ కాలేదు. పరంజా అలాగే నిలబడి ఉంది. మా పైన ఇద్దరు తాపీవాళ్ళు గచ్చు రుద్దుతున్నారు. కింద జనం నడుస్తున్నారు, బస్సులు ఆగి కదులుతున్నాయి. రాడ్డు చివరన మూడున్నర చుట్ల మేర మాత్రమే మర నలిగి మెరుస్తోంది. మిగతాదంతా తుప్పు రంగులో ముట్టుకోనట్టు ఉంది. అంటే ఇంత మందం రాడ్డును ఆ గొట్టం పట్టుకున్నది అంతవరకే.

"ఇంకోటి చూశావా?" అని అడిగాను.

"రెండు జూసిన మేడం. అవ్వి గూడ గిట్లనే ఉన్నయి. ఇంకోటి ఇప్పుతందుకు ధైర్యం రాలే."

ఆయన మాట నాకు అర్థమైంది. చూడాలంటే విప్పాలి, విప్పితే ఆ చోట పట్టు పోతుంది. చూడకపోతే ఏది నిలుస్తుందో, ఏది జారుతుందో తెలియదు. నేను గురువారం లాగి చూశానే కానీ గాలి లాగినట్టు లాగలేదు. పైగా పరంజా చుట్టూ దుమ్ము పడకుండా ఆకుపచ్చ జాలి కట్టి ఉంది. గాలి వస్తే అది తెరచాపే. ఏప్రిల్ చివరి వారం. మూడు రోజులుగా మధ్యాహ్నం దాటితే చాలు గాలిదుమారం లేస్తోంది.

తాపీవాళ్ళను దింపేశాం. మేస్త్రి మొదట జాలి విప్పిద్దామన్నాడు. కింద ఫుట్‌పాత్‌కు రెండువైపులా తాడు కట్టించి, నడిచేవాళ్ళను రోడ్డు అంచు మీదుగా పంపించాం. అప్పుడు కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన ఖైరతాబాద్ సైట్‌లో ఉన్నాడు, వెనక మిక్సర్ చప్పుడు వినిపిస్తోంది. నేను చెప్పినదంతా విని, లాగితే రాలేదు కదా, బిగుసుకునే ఉన్నాయి కదా అన్నాడు. పై అంచు పని ఇంకో పూట మిగిలింది, అది కానివ్వు, సోమవారం అన్నీ మారుద్దాం అన్నాడు. మనుషుల్ని దింపేశానని చెప్పాను. అయితే సరే, పోయి ఏవి దొరికితే అవి పట్టుకురా, మధ్యాహ్నానికి మళ్ళీ ఎక్కించు అన్నాడు.

కార్డు మీద సంతకం ఎవరిదని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక అదే తలచుకుంటూ నిలబడ్డాను.

నేను వచ్చేలోగా తాను ఏం చేయగలడో మేస్త్రి అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాడు. కిటికీలున్న చోట గది లోపలి వైపు గోడకు అడ్డంగా ఒక పొడుగు పైపు పెట్టి, దాన్ని బయటి పరంజాకు క్లాంపులతో కట్టేస్తే, ఆ పైపు గోడను దాటి రాలేదు కాబట్టి పరంజా కదలదు. అలా కట్టడానికి పనికొచ్చే కిటికీలు ఐదు ఉన్నాయి. మిగిలిన తొమ్మిది చోట్లా గోడే. అక్కడ టర్న్‌బకిల్స్ తప్పవు. విప్పిన రాడ్డునూ, గొట్టం ముక్కనూ ఒక గోనెగుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు.

మొజంజాహీ మార్కెట్ మీదుగా నాంపల్లికి నడిచే వెళ్ళాను. ఆటో ఎక్కితే ఆ ట్రాఫిక్‌లో ఇంకా ఆలస్యం. ఎండ మాడుస్తోంది. చెట్ల ఆకు కదలడం లేదు. గాలి లేకపోవడం కూడా నన్ను కలవరపెట్టింది. అలా ఉక్కపోసిన మధ్యాహ్నాలే గాలి పట్టుకొస్తాయి.

మొదటి షాపువాడు నా సంచిలోకి చూడనైనా చూడలేదు. టర్న్‌బకిల్ అన్న మాట వినగానే కొక్కెం ఉన్నవి ఒక పెట్టె లాగి ముందు పెట్టాడు. ఇరవై ఉన్నాయి, కావాలంటే ఇంకా తెప్పిస్తానన్నాడు. నేను ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బరువుగానే ఉంది. రింగులో తగిలించి తిప్పితే చాలు, ఐదు నిమిషాల పని. రాడ్డు చివర ఎక్కించి చూస్తే నాలుగు చుట్లు పోయి ఆగింది. గట్టిగా ఉందని వాడన్నాడు. గురువారం నేనూ అలాగే అనుకున్నాను. పెట్టె అక్కడే ఉంచమని చెప్పి బయటికి వచ్చాను.

నాలుగు షాపుల అవతల ఒక ఇరుకు దుకాణం ఉంది. గోడల నిండా రేకు డబ్బాలు, ప్రతి డబ్బా మీదా సుద్దముక్కతో రాసిన కొలతలు. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన చెవిలో మిషన్ పెట్టుకుని ఉన్నాడు. వెనక నలుగురైదుగురు మేస్త్రీలు, ప్లంబర్లు నిలబడి ఉన్నారు. గోనెగుడ్డ విప్పి రాడ్డునూ గొట్టాన్నీ ఆయన ముందు పెట్టాను. ఏం కావాలన్నాడు. ఈ రాడ్డుకు సరిపోయే టర్న్‌బకిల్ అన్నాను. రాడ్డు ఎంత అన్నాడు. పదహారు అన్నాను. పదహారు మిల్లీమీటర్లా, ఐదు సూత్‌లా అన్నాడు.

ఆ మాట నాకు కొత్త. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతని, ఐదు సూత్‌లు దాదాపు పదహారు మిల్లీమీటర్లేనని, కానీ మర తీరు వేరని నాకు అప్పటికి తెలియదు. గొంతు తగ్గించి తెలియదన్నాను. ఆయన చెవి మిషన్ సరిచేసుకుని, గట్టిగా చెప్పమన్నాడు.

"నాకు తెలియదండీ" అన్నాను గట్టిగానే. వెనక ఎవరు నవ్వారో చూడలేదు. నవ్వారో లేదో కూడా ఇప్పుడు చెప్పలేను.

పెద్దాయన సొరుగులోంచి చిన్న దువ్వెన పళ్ళలాంటి రేకుల కట్ట తీశాడు. ఒక రేకును రాడ్డు మర మీద ఆనించి నాకు చూపించాడు. పళ్ళన్నీ గాళ్ళలో కూర్చున్నాయి, మధ్యలో వెలుతురు లేదు. అదే రేకును గొట్టం నోట్లోకి పెడితే రెండు పళ్ళు కూర్చుని మూడోది మర అంచు మీదికి ఎక్కింది.

"రాడ్డు సూత్‌ల మాల్. నీ గొట్టం మిల్లీమీటర్ది" అన్నాడు. "రెండూ ఒకటే లావు గొడతయి గని త్రెడ్ కలువదు. మూడు నాలుగు సుట్లు పోతది, ఆగుతది. బిగిసింది అనుకుంటరు. బిగుసుడు వేరే ఉంటది బిడ్డా, ఇరుక్కునుడు వేరే ఉంటది. దేనికి గిది?"

పరంజాను గోడకు కట్టడానికని చెప్పాను.

"దాని మీద మనుషులు ఎక్కుతరా?"

"ఔ" అన్నాను. నాకు తెలియకుండానే ఆయన భాష వచ్చేసింది.

ఆ తర్వాత వెనకున్నవాళ్ళను కాసేపు ఆగమని చెప్పి ఆయన నాతోనే మాట్లాడాడు. కొక్కెం ఉన్నవి షామియానాలకు, టార్పాలిన్ కప్పులకు పనికొస్తాయట. వదులైతే రింగులోంచి తప్పుకుంటాయి, ఎక్కువ బరువు పడితే కొక్కెం నోరు తెరుచుకుంటుంది. పోతపోసినవి వద్దన్నాడు. అవి వంగవు, ఒక్కసారిగా విరుగుతాయి. కొట్టి చేసిన ఇనుమైతే వంగి, చెప్పి మరీ పాడవుతుందన్నాడు. గోడవైపు పంగ ఉండాలి, పంగలో అడ్డంగా పిన్ను, పిన్ను జారకుండా దానికో సన్న తీగ పిన్ను. మధ్య భాగం తెరిచి ఉండాలి, రాడ్డు ఎంత లోపలికి వచ్చిందో కంటికి కనపడాలి. రాడ్డు ఎంత లావో కనీసం అంత లోతు పోవాలి, తానైతే దానికి రెండింతలు పోనిస్తానన్నాడు. తిరిగి వదులవకుండా రెండువైపులా చెక్‌నట్ వేసుకోవాలి. ప్రతిదీ చేతిలోకి తీసుకుని చూపిస్తూ చెప్పాడు. నేను నోటుపుస్తకం తీసి రాసుకున్నాను.

ఐదు సూత్‌లవి, తాను చెప్పిన తీరువి ఆయన దగ్గర ఎనిమిదే ఉన్నాయి. ఈ కాలంలో ఎవరూ అడగడం లేదట. ఒక్కొక్కదాన్లోకీ నా రాడ్డు ఎక్కించి చూడమన్నాడు. వేళ్ళతోనే తిరుగుతూ, ఎక్కడా తట్టుకోకుండా, చివరి దాకా పోయింది. ఎనిమిదింటికీ అలాగే చూశాను.

నాకు కావలసినవి తొమ్మిది. ఇంకొకటి కోసం మరో ఐదు షాపులు తిరిగాను. లేదు. అప్పుడు కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. దొరికాయా అన్నాడు. ఎనిమిది దొరికాయన్నాను. కొక్కెంవి ఉన్నాయని ఎవరో చెప్పారట, అన్నీ అవే తెచ్చేసి ఉంటే ఈపాటికి పని మొదలయ్యేది కదా అన్నాడు. అవి వద్దని చెప్పాను.

"ఆ గొట్టాలు నువ్వే తెప్పిచ్చినవు, నువ్వే బాగున్నయంటివి. ఇప్పుడు నువ్వే వద్దంటున్నవు" అన్నాడు.

రోడ్డు పక్కన కొబ్బరిబోండాల బండి నీడలో నిలబడి ఉన్నాను. "అవును సార్. కార్డు మీద సంతకం కూడా నాదే. లాగి చూశాను గాని లోపల ఎంత పట్టిందో చూడలేదు. తప్పు నాది. ఇంకోసారి చూడకుండా సంతకం పెట్టను."

సోమవారం ఆఫీసుకు రమ్మని చెప్పి ఆయన పెట్టేశాడు.

అంత మాట అన్నదాన్ని, తిరిగి వస్తూ మొదటి షాపు ముందు ఆగి కొక్కెం ఉన్నది ఒకటి కొన్నాను. ఆ తొమ్మిదో చోటు కోసం. ఒక్కటే కదా అనుకున్నాను. సంచి అడుగున పెట్టాను.

నేను చేరేసరికి ఒంటిగంట దాటింది. మేస్త్రి ఐదు కిటికీల్లోనూ పైపులు పెట్టించేశాడు. పై సగం జాలి విప్పేశారు, కింది సగం ఇంకా ఉంది. ఆయన సంచి బోర్లించి ఒక్కొక్కటీ చూశాడు. తెరిచి ఉన్నవాటి మధ్య వేలు పెట్టి చూసి తృప్తిగా తల ఊపాడు. చివరికి కొక్కెంది చేతికి వచ్చింది. దాన్ని ఎత్తి పట్టుకుని, "గిది యాడికి మేడం?" అన్నాడు.

కుడి మూలకు అన్నాను. ఆయన మూల వైపు తలెత్తి చూశాడు. కొక్కెంది తన పనిముట్ల పెట్టెలో పడేసి, ఆ మూలకు కింది నుంచి ఏటవాలుగా పైపు ఊతం పెడదామని, ముందు ఎనిమిదీ కానిద్దామని అన్నాడు. అందాకా నేను తిరిగి తెచ్చిన పాత రాడ్డునూ గొట్టాన్నీ మూలన మళ్ళీ ఎక్కించాడు. ఉత్త చోటు కన్నా అదే నయం అనుకున్నాడు.

ఒక్కొక్కటీ మార్చడానికి అనుకున్నదాని కన్నా ఎక్కువసేపు పట్టింది. పాతది విప్పే ముందు ఆ చోట పరంజాను లావు తాడుతో గోడ రింగుకు కట్టాలి. కొత్తది ఎక్కించి, గుండు వేలాడదీసి పైపు నిలువుగా ఉందో లేదో చూసుకుంటూ తిప్పాలి. ఎక్కువ తిప్పితే గోడలోని బోల్టే బయటికి వస్తుంది. రాడ్డు కొన లోపల కనపడుతోందా, ఎన్ని చుట్లు పోయింది, చెక్‌నట్ పడిందా, పిన్ను వంచారా, ఇవన్నీ నేను చూసి, సుద్దముక్కతో గీత పెడితేనే మేస్త్రి తర్వాతి చోటికి కదిలాడు. విప్పిన పాతవాటిలో ఒకటి రెండున్నర చుట్లే పట్టి ఉంది. అది అన్నిటికన్నా పైన, మనుషులు నిలబడి పనిచేసిన వరుసలోది.

ఆరోది అయ్యేసరికి నాలుగు కావచ్చింది. ఎండ ఒక్కసారిగా పసుపుపచ్చగా మారింది. రోడ్డు మీద కాగితాలు గుండ్రంగా తిరిగాయి. మేస్త్రి ఆకాశం వైపు చూడలేదు, నేరుగా చేతిలోని పానాను నడుముకు చెక్కుకుని, కింద ఉన్న ఇద్దరినీ లోపలికి పొమ్మని అరిచాడు. మా ఇద్దరికీ దిగేంత వ్యవధి లేదు. పక్కనే మూడో అంతస్తు కిటికీ. అందులోంచి గదిలోకి దూకాం.

గాలి ముందు దుమ్ముగా వచ్చింది. రోడ్డు అవతలి బోర్డులు కనపడలేదు. తర్వాత పరంజా మొత్తం ఒక్కసారి మూలిగింది. కిటికీకి అడ్డంగా మేము పెట్టిన పైపు లోపలి గోడను గట్టిగా అదుముకుంది. పైపు చివర్ల కింద సున్నం పొడి రాలింది. గాలి తగ్గగానే పైపు వదులైంది. మళ్ళీ వీచగానే మళ్ళీ అదుముకుంది. బయట పరంజా గోడ నుంచి నాలుగు వేళ్ళంత దూరం పోయి, వెనక్కి వచ్చింది. మేస్త్రి ఆ పైపు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. పట్టుకోవడానికి కాదు, అది పట్టుకుంటే ఆగేది కాదు. ఎంత వణుకుతోందో తెలుసుకోవడానికి.

కింది సగం జాలి ఉబ్బి పటపటా కొట్టుకుంటోంది. అదొక్కటి విప్పి ఉంటే బాగుండేదని ఆయన రెండుసార్లు అన్నాడు. కత్తి తీసుకుని కిటికీ ఎక్కబోయాడు. నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

"మేస్త్రీ, నువ్వు బయటికి పోతే నేనూ వస్తా" అన్నాను. ఆయన ఆగాడు.

అప్పుడే కుడి మూలన చూశాను. పాత గొట్టంలోంచి రాడ్డు జారి బయటికి వచ్చింది. లాగినట్టు కాదు, ఒరలోంచి కత్తి తీసినంత నెమ్మదిగా. మూలనున్న నిలువు పైపు ఒక్కసారి బయటికి తూగింది. ఒక చెక్క పలక జారి, కింది పైపులకు తగులుతూ ఫుట్‌పాత్ మీద పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మూల ఊగుతోంది కానీ, దాని పక్కన మేము మధ్యాహ్నం బిగించిన కొత్తది కదలకుండా పట్టుకుని ఉంది. దాని తెరిచిన నడుములో రాడ్డు కొన నాకు కనపడుతూనే ఉంది.

ఆ గాలి పది నిమిషాలు ఉందేమో. తర్వాత పెద్ద పెద్ద చినుకులు పడి ఆగిపోయాయి. కిందికి దిగి చూస్తే పలక రెండు ముక్కలై, మేము కట్టిన తాడుకు లోపలి వైపే పడి ఉంది. అక్కడ ఎవరూ లేరు. మెట్ల మీద కూర్చున్నాను. మేస్త్రి సీసా నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి, మూలకు ఊతం పెట్టించడానికి వెళ్ళిపోయాడు. వెలుతురు ఉండగానే మిగతా రెండూ మార్చి, ఊతం బిగించి, జాలి పూర్తిగా దింపేశాం.

ఆరింటికి ఒక పెద్దమనిషి వచ్చాడు. ప్రతి ఆదివారం ఆ భవనం ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముకునేవాడు. తాడు ఎందుకు కట్టారని అడిగాడు. రేపు ఇక్కడ కూర్చోవద్దని, ఇంకొకరెవరైనా వచ్చి పరంజా చూసి సరే అనేదాకా కింద ఎవరినీ ఉండనివ్వనని చెప్పాను. ఆయన కోపగించుకోలేదు కానీ ముఖం వాడిపోయింది. ఇరవై ఏళ్ళుగా అక్కడి కరెంటు స్తంభం పక్కనే కూర్చుంటున్నాడట.

"ఒక్క ఆదివారం జాగ ఇడిస్తే ఇంకొకడు పరుస్తడమ్మా. మల్ల లేపుడు నాతోని కాదు" అన్నాడు.

జారిపోయిన రాడ్డునూ విరిగిన పలకనూ చూపించాను. చాలాసేపు చూశాడు. చివరికి నేనొక మాట ఇచ్చాను. రేపు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేనే ఇక్కడ ఉంటాను, ఎవరినీ పరవనివ్వను అని. ఆదివారం ఎనిమిదింటికల్లా వచ్చి తాడు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఇద్దరు వచ్చి అడిగారు, ఇద్దరినీ పంపేశాను. ఆయన రోడ్డు అవతల ఎండలో పుస్తకాలు పరిచి, మధ్యాహ్నం ఒకసారి, మూడింటికి ఒకసారి నాకు చాయ్ పంపించాడు.

సోమవారం ఆఫీసులో కాంట్రాక్టరు ముందు మూడు వస్తువులు పెట్టాను. గొట్టం, రాడ్డు, పసుపు కార్డు. జరిగినదంతా వరుసగా చెప్పాను, కొక్కెం కొన్న సంగతి కూడా దాచలేదు. ఉద్యోగం పోతుందనే అనుకుని వెళ్ళాను. ఆయన రాడ్డును గొట్టంలోకి ఎక్కించి, ఆగేదాకా తిప్పి, గట్టిగా లాగాడు. రాలేదు. బల్ల కాలికి ఆనించి, రెండు చేతులతో అటూ ఇటూ ఊపుతూ లాగాడు. ఊడి వచ్చింది. ఆయన ముఖంలో రంగు మారింది.

"నువ్వు మంచిగున్నయన్నవని ఖైరతాబాద్‌కు గూడ గవ్వే తెప్పిచ్చిన" అన్నాడు. "ఆడి రాడ్లు గూడ గిట్లాంటి పాతయే. నువ్వు చెప్పినా పట్టించుకోలే, నిన్న సాయంత్రం కట్టిన్రు. పొద్దుగాల మనుషులు ఎక్కిన్రు."

నేను లేచేసరికే ఆయన అక్కడి మేస్త్రికి ఫోన్ చేస్తున్నాడు. ఆ మేస్త్రి ఎత్తలేదు. మెట్లు దిగుతూ మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. ఆయన బండి వెనక కూర్చుని వెళ్ళాను. లక్డీకాపూల్ దగ్గర సిగ్నల్ పడితే ఆయన ఆగలేదు. నేనూ ఆగమనలేదు.

సైటు మలుపు తిరగ్గానే పరంజా కనిపించింది. నిలబడి ఉంది. మీద ఏడుగురు ఉన్నారు. బండి ఇంకా ఆగకముందే దిగి, నిచ్చెన దగ్గరికి పరుగెత్తి, అందరినీ దిగమని అరిచాను. నా గొంతు అంత దూరం పోతుందని నాకు అప్పటిదాకా తెలియదు. అక్కడి మేస్త్రి ఎవరీమె అన్నట్టు కాంట్రాక్టరు వైపు చూశాడు. ఆమె చెప్పినట్టు చెయ్యి అన్నాడు కాంట్రాక్టరు. ఒక్కొక్కరే దిగారు. ఏడో మనిషి నేల మీద కాలు పెట్టేదాకా నేను నిచ్చెన వదల్లేదు.